తలెత్తిన బాతులు

మంగళవారం పొద్దున నెస్టర్ కోవల్ వేసుకున్న పథకం చిన్నది. పిల్లల్ని బడి దగ్గర దింపి, తను నడిపే బడి బస్సును షెడ్డులో పెట్టి, భార్య లెనోర్ భోజనానికి వచ్చేలోపు మిగిలిన బాతులకు రంగు వేసేయాలి. రంగు ఆరాక వాటిని పాత టార్పాలిన్ కింద దాచాలి. శనివారం తెల్లారేసరికి అవి టెక్లా అవ్వ పొలంలో ఉంటాయి. ఆ తరువాత లెనోర్‌కు చెప్పవచ్చు. చెప్పకపోయినా కొంపలేమీ మునగవు.

బాతులు మొత్తం నలభై. వాటిని లెనోర్ మొహంలోంచి కోశాడు.

సెప్టెంబరులో బెరెజా గ్రామానికి మేయరు ఎన్నిక జరిగింది. కో-ఆప్ కొట్లో రొట్టెల కౌంటరు చూసుకునే లెనోర్ నిలబడి, డెల్మర్ ఫ్రీసెన్ చేతిలో కాసిని ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఆ సాయంత్రమే ఊళ్ళో ఇళ్ళ ముందు పాతిన తన బోర్డులన్నీ పీకించి తెప్పించింది. వాటిని కారు షెడ్డులో గోడకు ఆనించి, ఈ మొహం మళ్ళీ ఈ ఇంట్లో కనబడకూడదని భర్తకు చెప్పింది. తగలబెడతావో పారేస్తావో నీ ఇష్టమంది. ప్లాస్టిక్ తగలబెడితే కంపు. చెత్తదిబ్బలో పారేయాలంటే రుసుము కట్టాలి. నెస్టర్ ఈ రెండింటిలో ఏదీ చేసే మనిషి కాదు.

బోర్డులను అటూ ఇటూ తిప్పి చూశాడు. తేలిక. తడిసినా పాడవవు. లోపల గొట్టాల్లా ఖాళీలున్నాయి, ఇనప చువ్వ దూర్చి నేలలో గుచ్చితే నిలబడతాయి. రంగుల అచ్చుకు ఎక్కువ అడిగారని లెనోర్ బూడిదరంగు మీద నలుపూ తెలుపూ ఫొటో వేయించింది. కెనడా బాతు రంగులూ దాదాపు అవే. దీన్ని దేవుడు పంపాడని నెస్టర్ అనుకోలేదు కానీ, పంపితే ఇలాగే ఉంటుందనుకున్నాడు.

బాతుల అవసరం బోదాన్ వల్ల వచ్చింది. బోదాన్ లెనోర్‌కు అన్న. ఇద్దరు బావలూ ఏటా శరదృతువులో టెక్లా అవ్వ బార్లీ కోసేశాక ఆ పొలంలో వేటాడతారు. గింజల కోసం వచ్చే బాతులు తమవాళ్ళు ముందే దిగారనుకుని వాలాలంటే కొయ్యకాళ్ళ మధ్య బొమ్మ బాతులు పెట్టాలి. నెస్టర్ దగ్గరున్నవి అతని తండ్రి లారీ టైర్లు కోసి చేసినవి. వాటిని బాతులు నమ్మేవి. మోసేవాళ్ళ నడుములే నమ్మలేదు.

“డాక్టరు బరువులెత్తొద్దన్నాడు, బావా,” అన్నాడు బోదాన్, రెండు వారాల కిందట. “శనివారానికి ఒంటిచేత్తో ఎత్తగలిగే బాతులు తెస్తే నాతో వేటకు నువ్వు. లేకపోతే పళ్ళ డాక్టరు.”

పళ్ళ డాక్టరు పట్నంలో ఉంటాడు. అతని దగ్గర కొన్న బొమ్మ బాతులు ఒక ట్రెయిలరు నిండా ఉన్నాయి, ఈకలు కూడా అచ్చుపోసినవి. టెక్లా అవ్వ పొలంలో దాక్కోవడానికున్నది ఒక్క రాళ్ళ గుట్ట. దాని వెనక ఇద్దరికే చోటు. ఆ ఇద్దరిలో ఒకడు ముందు నెస్టర్ తండ్రి, తరువాత నెస్టర్. తండ్రి కాఫీ తాగిన రేకు డబ్బా ఇంకా ఆ రాళ్ళ సందులోనే ఉంది. నెస్టర్ సరే తెస్తానన్నాడు.

ఒక్క చిక్కుంది. మేతలో ఉన్న మందలో బాతులు చాలావరకు తల దించుకునే ఉంటాయి. రెండో మూడో తలెత్తి కాపలా కాస్తాయి. అన్నీ తలెత్తాయంటే మంద ఎగిరిపోబోతోందని అర్థం. ఇది నెస్టర్‌కు తెలుసు. అయితే బోర్డు నిలువుగా, పొడుగ్గా ఉంది. తల దించిన బాతుకు అడ్డంగా చోటు కావాలి, తోక పట్టదు. మెడ సాచి నిలబడ్డ బాతు మాత్రం మొత్తంగా పడుతుంది. అందుకని నలభైనీ తలెత్తినవే కోశాడు. బాతులు అంత లెక్క చూడవనుకున్నాడు.

రంగు ఊరి హాలు నేలకు వేయగా మిగిలినది. ప్లాస్టిక్ మీద వేసే ముందు గరుకు కాగితంతో రుద్దాలని డబ్బా మీద రాసుంది. అది అతను రంగంతా వేసేశాక, మూత పెడుతూ చదివాడు.

అప్పుడే కారు చప్పుడైంది. లెనోర్ గంట ముందే వచ్చింది. నెస్టర్ టార్పాలిన్ లాగి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, వంటింట్లోకి నడిచాడు. ఆవిడ కోటు కూడా విప్పకుండా విషయం చెప్పింది. డెల్మర్ ఇంటికి మురుగు గొట్టం వేయడానికి వచ్చిన సర్వే వాళ్ళు ఊరి పొలిమేర అతని ఇంటి మధ్యలోంచి పోతోందని తేల్చారట. వంటగది ఊళ్ళో ఉంది. పడగ్గది బయట ఉంది. మనిషి ఎక్కడ పడుకుంటే అక్కడివాడని నియమం కాబట్టి ఎన్నిక చెల్లదన్నారు. వచ్చే వారం కాక ఆ పై బుధవారం మళ్ళీ ఓట్లు.

“డెల్మర్ ఊరుకున్నాడా?”

“మంచం వంటగదిలోకి లాక్కున్నాడు. మళ్ళీ నిలబడుతున్నాడు.” లెనోర్ అప్పుడు కోటు విప్పింది. “కొత్త బోర్డులు అచ్చువేయడానికి నెల పడుతుందట. నువ్వు నావి తగలబెట్టలేదు కదా?”

“లేదు.”

“పారేయలేదు కదా?”

“లేదు.”

“మరి ఎక్కడున్నాయి?”

నిజం చెప్పడానికి అది మంచి సమయం. నెస్టర్ కుళాయి వైపు చూశాడు. అది కారడం లేదు. “టెక్లా అవ్వ పొలానికని...” అన్నాడు. అది అబద్ధం కాదు. శనివారం అవి ఉండేది అక్కడే.

లెనోర్ కుర్చీలో కూర్చుంది. టెక్లా అవ్వ పొలం హైవే పక్కనే ఉంది. ఏ ఎన్నికకూ, ఎవరి బోర్డునూ ఆవిడ అందులో పెట్టనివ్వలేదు. పైగా ఆవిడ డెల్మర్‌కు అత్తగారు. కూతురు పట్నంలో నర్సు ఉద్యోగానికి వెళ్ళి వారానికోసారి వస్తుంది. అల్లుడు మాత్రం రోడ్డుకు అవతలే ఉంటాడు.

“ఆవిడే అడిగిందా?” అంది లెనోర్.

నెస్టర్ ఆవిడకు టీ పోసి, చక్కెర కలిపి, కప్పు ముందు పెట్టాడు. ఆవిడ దాన్ని అవుననే తీసుకుంది.

సాయంత్రానికి ఆ సంగతి రొట్టెలతో పాటు కో-ఆప్ నుంచి ప్రతి ఇంటికీ వెళ్ళింది. అత్తగారు సొంత అల్లుణ్ణి కాదని లెనోర్ వైపు నిలిచిందట. బుధవారం పొద్దున బస్సులో పిల్లలు కూడా అదే మాట్లాడుకుంటున్నారు. నెస్టర్ వాళ్ళను బడి దగ్గర దింపి నేరుగా టెక్లా అవ్వ ఇంటికి వెళ్ళాడు. ఆవిడకు కోపం వచ్చి పొలంలోకి రావద్దంటే తేలిక బాతులున్నా టైరు బాతులున్నా ఒకటే.

టెక్లా అవ్వ చర్చి విందుకు పెరోగీలు చేస్తోంది. పిండి బిళ్ళలో బంగాళాదుంప ముద్ద పెట్టి అంచులు నొక్కుతోంది. నెస్టర్‌ను కూర్చోమని, ఒక పళ్ళెం ముందుకు తోసి, అంచులు నొక్కమంది. అతను నొక్కుతూ జరిగింది చెప్పబోయాడు. ఆవిడ వినలేదు. అల్లుడు అప్పటికే ఫోను చేశాడట. నా మీద కోపానికి నీకు లెనోర్ బోర్డులే దొరికాయా అని అడిగాడట. ఆ బోర్డుల సంగతేమిటో ఆవిడకు తెలియలేదు కానీ, అతని గొంతులో ఆ ఉడుకు వినడం బాగుందట. పోయిన వసంతంలో తన వంటింటి కిటికీకి అడ్డంగా ఉన్నాయని అతను ఆవిడ లైలాక్ పూల పొదలు పీకేశాడు. ఆవిడ భర్త నాటిన పొదలవి.

“కిటికీలోంచి చూడ్డానికే కదా పీకాడు. చూడనీ,” అంది టెక్లా అవ్వ. “శనివారానికి లెనోర్ బోర్డులు నా పొలంలో కనబడాలి, అబ్బాయ్. అతని కిటికీకి ఎదురుగా. లేకపోతే మీ బావలిద్దరూ తుపాకులు తీసుకుని వేరే పొలం చూసుకోండి.”

నెస్టర్ ఇంకో రెండు పెరోగీలు నొక్కాడు. ఆవిడ వాటిని విప్పి మళ్ళీ నొక్కింది.

మధ్యాహ్నం బస్సు నడుపుతూ లెక్క వేసుకున్నాడు. బోదాన్‌కు అవి బాతులు కావాలి. టెక్లా అవ్వకు బోర్డులు కావాలి. లెనోర్‌కు శనివారం మధ్యాహ్నానికల్లా ఇళ్ళ ముందు పాతడానికి అవే బోర్డులు కావాలి, టెక్లా అవ్వ దగ్గరివి కొన్ని తెచ్చిపెట్టమని పొద్దునే చెప్పింది. ముగ్గురికీ కావలసినవి అవే నలభై ముక్కలు. ఆలోచనలో ఒక మలుపు దాటిపోయాడు. పిల్లలు చెబితే వెనక్కి తిప్పాడు. శనివారం వేట అయ్యాక ముగ్గురికీ విడివిడిగా నిజం చెప్పాలని నిర్ణయించుకున్నాడు. రాళ్ళ గుట్ట వెనక ఒక్క పూట దక్కితే తక్కినదంతా పడవచ్చు.

శనివారం చీకటి ఉండగానే బోదాన్ ట్రక్కు వేసుకుని వచ్చాడు. మూట కట్టిన బాతుల్లో పదింటిని ఒక చేత్తో ఎత్తి చూశాడు. ఇంకో పది కూడా కలిపి ఎత్తాడు. బోదాన్ మెచ్చుకోవడమంటే అదే. ఇద్దరూ వాటిని పొలంలో గుర్రపు లాడం ఆకారంలో గుచ్చి, వాలడానికి మధ్యలో చోటు వదిలి, రాళ్ళ గుట్ట వెనక చేరారు. కొయ్యకాళ్ళ మీద మంచు పట్టింది. నెస్టర్ ఫ్లాస్కు విప్పి, తండ్రి రేకు డబ్బా పక్కన పెట్టాడు. బోదాన్ వెల్లుల్లి సాసేజి కోసి ఇచ్చాడు. టైర్లు ఉన్న రోజుల్లో ఈపాటికి ఇద్దరూ రొప్పుతూ ఉండేవాళ్ళు.

మొదటి మంద మడుగు మీద నుంచి లేచి నేరుగా ఇటే వచ్చింది. రెక్కలు బిగించి కిందికి జారింది. తుపాకి దూరానికి ఇంకాస్త ఉందనగా, ముందున్న బాతు ఏదో అంది. మంద మొత్తం పక్కకు తిరిగి, ఎత్తుకు లేచి, వెళ్ళిపోయింది. రెండో మందా అంతే.

“బావా,” అన్నాడు బోదాన్, “అన్నీ కాపలా బాతులేనా?”

“బోర్డు పొడుగ్గా ఉంది.”

“ఏ బోర్డు?”

సూర్యుడు వచ్చాడు. మంచు కరిగి రంగు మీద జారింది. గాలి లేచింది. హాలు నేల రంగు అంచుల దగ్గర లేచి, పొరలు పొరలుగా ఊడి, బార్లీ కొయ్యకాళ్ళ మీదుగా ఎగిరిపోసాగింది. బోదాన్ కళ్ళు నులుముకుని చూశాడు. దగ్గరున్న బాతు రెక్క కింద ఒక కన్ను ఉంది. దాని పక్కదాని రొమ్ము మీద నవ్వు ఉంది. ఇంకోదాని తోక మీద ‘మేయరు’ అని ఉంది.

“మా చెల్లి నన్ను చూస్తోంది,” అన్నాడు బోదాన్.

నెస్టర్ కాఫీ పోసుకున్నాడు. ముందుగా బోదాన్‌తో చెబుదామనుకున్నాడు. అప్పటికే టెక్లా అవ్వ రబ్బరు బూట్లు వేసుకుని పొలంలోకి వచ్చేసింది. బాతుల మధ్య కాసేపు నిలబడింది. బోర్డులు ఈ ఆకారంలో ఉంటాయనుకోలేదని, అయినా మొహం బాగా తెలుస్తోందని అంది. కొన్నింటిని పీకి రోడ్డు వైపు తిప్పి గుచ్చింది. రోడ్డుకు అవతల తలుపు తెరుచుకుంది. డెల్మర్ పైజామా మీద కోటు వేసుకుని, రోడ్డు దాటి వచ్చాడు. అదే సమయానికి లెనోర్ కారు పొలం గట్టు దగ్గర ఆగింది. టెక్లా అవ్వకు కృతజ్ఞతగా ఇద్దామని గసగసాల రొట్టె చేసి తెచ్చింది.

రాళ్ళ గుట్ట వెనక నుంచి ఇద్దరూ లేచి నిలబడ్డారు. దాక్కోవడానికి ఇంక ఏమీ మిగలలేదు.

లెనోర్ తన మొహాల మధ్య నుంచి నడిచి వచ్చింది. ఒకదాన్ని పీకి, రెండు వైపులా చూసింది.

“పారేయలేదన్నావు,” అంది.

“పారేయలేదు,” అన్నాడు నెస్టర్.

“టెక్లా అవ్వ దగ్గరున్నాయన్నావు.”

“ఉన్నాయి.”

“నా మెడ ఇంత పొడుగా?”

నెస్టర్ బోర్డు కొలతల గురించి మొదలుపెట్టాడు. డెల్మర్ మధ్యలో జొరబడ్డాడు. “పొద్దున కళ్ళు తెరిస్తే కిటికీలో నలభైమంది నువ్వు,” అన్నాడు లెనోర్‌తో. “మనుషులన్నాక నిద్ర లేవొద్దా? ఇదేం ప్రచారం?”

“వంటింట్లో పడుకోమని ఎవరన్నారు?” అంది టెక్లా అవ్వ.

అతను ఇది ఓటర్లను బాతులనడమేనని, ఫిర్యాదు చేస్తానని, ఊరందరికీ చెబుతానని అన్నాడు. లెనోర్ అతని పైజామా వైపు చూసింది. కిందటి ఎన్నికకు ముందు నెల రోజులు ఆవిడ బోర్డులు అతను రోజూ తిరిగే వీధుల్లోనే ఉన్నాయి. అతను తల తిప్పి కూడా చూడలేదు. ఇవాళ పొద్దున్నే చెప్పుల్లేకుండా రోడ్డు దాటాడు. ఆవిడ రొట్టె టెక్లా అవ్వ చేతిలో పెట్టి, అన్నకూ భర్తకూ బాతులన్నీ పీకి కారులో ఎక్కించమని చెప్పింది. ఎన్నికయ్యేదాకా ఇవి తనవంది. ఇవాళ్టి వేట సంగతి నెస్టర్ ఎత్తబోయాడు. ఆవిడ చూసిన చూపుకు చువ్వలు పీకడం మొదలుపెట్టాడు.

“వచ్చే శనివారం పళ్ళ డాక్టరు వస్తాడు, బావా,” అన్నాడు బోదాన్, చంకలో ఇరవైమంది చెల్లెళ్ళతో. “ఏమనుకోకు.”

నెస్టర్ ఏమీ అనుకోలేదని చెప్పాడు. రాళ్ళ గుట్ట దగ్గరికి వెళ్ళి ఫ్లాస్కు తీసుకున్నాడు. రేకు డబ్బాను చేతిలోకి తీసుకుని, మళ్ళీ అక్కడే పెట్టాడు.

సోమవారానికి డెల్మర్ తన మాట నిలబెట్టుకున్నాడు. ఊరందరికీ చెప్పాడు. ఊరందరూ చూడటానికి వచ్చారు. కిందటిసారి బోర్డు వద్దన్న వాళ్ళు కూడా బాతు కావాలన్నారు. డెల్మర్‌కు ఓటేస్తామన్న వాళ్ళు ఇద్దరు, ఇది బోర్డు కాదు బాతే కదా అని తీసుకెళ్ళారు. మొదట ఇళ్ళ ముందు పచ్చిక నిండింది. తరువాత బడి మైదానం పక్కన, ఊరి హాలు మెట్ల దగ్గర. నేల చలికి గట్టిపడటంతో చువ్వలు లోతుకు దిగలేదు. గురువారం వీచిన గాలికి బాతులు ఒక్కొక్కటే ముందుకు ఒరిగాయి. శుక్రవారానికి ఊళ్ళో చాలా బాతుల ముక్కులు పచ్చికకు ఆనుతున్నాయి. లెనోర్ వాటిని నిలబెట్టమంది. నెస్టర్ బస్సు పక్కన ఆపి, వీధి పొడుగునా ఒకసారి చూశాడు. తల దించిన బాతులు, మధ్యమధ్య తలెత్తినవి ఒకటీ రెండూ. తను చేయలేనిది గాలి చేసింది. ఒక్కదాన్ని కూడా ముట్టుకోకుండా బస్సు ఎక్కాడు.

శనివారం పొద్దున అతను వంటింట్లో కాఫీ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఆ సమయానికి బోదాన్, పళ్ళ డాక్టరు రాళ్ళ గుట్ట వెనక ఉంటారు. ఎవరో ఒకరి మోకాలు రేకు డబ్బాకు తగులుతూ ఉంటుంది. అలా అనుకుంటుండగానే కూతలు వినబడ్డాయి. మొదటి మంద చర్చి గోపురం మీదుగా తిరిగి, రెక్కలు బిగించి, అతని ఇంటి ముందు వాలింది. రెండోది బడి మైదానంలో వాలింది. తరువాత వచ్చినవి చోటు వెతుక్కుని హాలు మెట్ల మీద దిగాయి. పక్కింటి కుక్క వరండా కిందికి దూరి, బయటికి రాలేదు.

ఊరి పరిధిలో తుపాకి పేల్చకూడదు. నెస్టర్ కాఫీ తాగాడు. కిటికీకి మూడడుగుల దూరంలో ఒక పోతు బాతు లెనోర్ ఎడమ కన్ను పక్కన నిలబడి పచ్చిక పీకుతోంది.

కాసేపటికి బోదాన్ వచ్చాడు. బాతుల మధ్య నుంచి దారి చేసుకుని, బూట్లు తుడుచుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బూట్లు మళ్ళీ తుడుచుకున్నాడు. నెస్టర్ కాఫీ పోశాడు. పళ్ళ డాక్టరు పట్నం వెళ్ళిపోయాడని బోదాన్ చెప్పాడు. ఆ ఈకలు అచ్చుపోసిన బాతులు చూడటానికి చక్కగా ఉన్నాయని, వాటి మీదుగా మందలన్నీ ఊరి వైపు వెళ్ళాయని, డాక్టరు ఆ సేపంతా చిగుళ్ళ గురించి మాట్లాడాడని చెప్పాడు.

“ఎన్నిక అయ్యాక ఇవి నీవే కదా?” అన్నాడు కిటికీలోకి చూస్తూ.

“నావే.”

“అయితే ఆ పై శనివారం నువ్వే రా, బావా. చలి గట్టిపడేలోపు ఒక్క వేటన్నా దక్కుతుంది.”

నెస్టర్ సరేనన్నాడు. లెనోర్ ఇంటికోసం చేసిన గసగసాల రొట్టెలో మిగిలిన ముక్క అతని వైపు జరిపాడు.

ఆదివారానికి బాతుల రెట్టలతో ఊళ్ళో నడవడానికి కాలిబాట మిగల్లేదు. చర్చికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే బూట్లు విడిచారు. డెల్మర్ ఇంటింటికీ తిరిగి, ఈ బాతులకు లెనోరే బాధ్యురాలని చెప్పాడు. లెనోర్ కూడా ఇంటింటికీ తిరిగి, అది నిజమేనంది. గెలిచిన మర్నాడే అన్నిటినీ తీయించేస్తానంది. ఓడితే మాత్రం అవి ఎవరి పచ్చిక మీద ఉన్నవి వాళ్ళవేనంది. బుధవారం జనం వరసలో నిలబడి ఓట్లు వేశారు. కిందటిసారి ఓడిన తేడాకు పదింతలతో లెనోర్ గెలిచింది. డెల్మర్ మంచాన్ని మళ్ళీ పడగ్గదిలోకి లాక్కున్నాడు.

గురువారం లెనోర్ మాట నిలబెట్టుకుంది. భర్త సంగతి తెలుసు కాబట్టి పీకిన బాతులను ఇంటికి తేనివ్వలేదు. పట్నంలో ప్లాస్టిక్ నలిపే మిల్లుకు నేరుగా పంపించింది. నెస్టర్ ఆ లారీ మలుపు తిరిగేదాకా చూశాడు. బోదాన్ కూడా పక్కనే నిలబడి చూశాడు. పళ్ళ డాక్టరు నంబరు ఇంకా తన దగ్గరుందని అన్నాడు కానీ, ఫోను బయటికి తీయలేదు.

మేయరుగా లెనోర్ ఇచ్చిన మొదటి ఉత్తర్వు, ఊరి పరిధిలో బొమ్మ బాతులు పెట్టకూడదని. దాన్ని బోర్డుల మీద అచ్చువేయించి ప్రతి వీధి మొగలో పాతించాలని తీర్మానించారు. కొత్త మేయరు గారి పనికి పట్నంలో వారంలోనే అచ్చువేసి పంపారు. పాతే పని నెస్టర్‌కు పడింది. ఈ ఏడు తొలిసారి మంచు కురవగానే పీకి పారేయాలని కూడా అతనికే చెప్పారు.

కట్ట విప్పి ఒకదాన్ని షెడ్డు నేల మీద పరిచాడు. అదే తేలిక ప్లాస్టిక్. లోపల అవే గొట్టాలు. అక్షరాలు ఎక్కువ కావడంతో ఈసారి బోర్డు అడ్డంగా ఉంది. బోదాన్ గుమ్మంలో నిలబడి సుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. నెస్టర్ మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి టేపు తీసి కొలిచాడు. తల దించిన బాతు, తోకతో సహా, సరిగ్గా పడుతుంది.